చెమటకు సిగ్గెందుకు?

యీ సంగతి నలుగురూ చదివే పత్రికలో వ్రాయవచ్చునా అని మా యింట్లో రెండు రోజులు తర్జనభర్జన జరిగింది. చివరకు మా అవ్వే తేల్చింది: "మూసిపెట్టుకోబట్టే గదా అంత దూరం వచ్చింది? రాయండి." అందుకని వ్రాస్తున్నాము.

మాది పావగడ తాలూకా రాయచెర్లు. కన్నడ రాజ్యంలో వుంటూ తరతరాలుగా తెలుగు మాట్లాడుకొనే కుటుంబాలు మావి. కరువు సీమ. మా వూరితో కలిపి అయిదు వూళ్ళ పొలాలు, సుమారు 13,000 యెకరాలు, సౌరవిద్యుత్తు కోసం గుత్తకు పోయాయి. 2018లో ఆ పార్కు ప్రారంభమయింది. మాకు యెండకు కొదవ లేదు, నీటికే కొదవ. వేసవిలో మనిషికి వొక బిందె నీళ్ళు దొరికితే ఆ పూట స్నానం అయినట్లే. అటువంటి అరకొర స్నానంతో కిక్కిరిసిన బస్సులో కాలేజీకి పోయే ఆడపిల్లకు సువాసన కొట్టే డబ్బా వొక వరంగా తోచడంలో వింత లేదు. మా అమ్మాయి వొకటి కొనుక్కొన్నది. మేమూ వద్దనలేదు.

పోయిన యెండాకాలం ఆమె చంకలో శెనగగింజంత గడ్డ లేచింది. యీ స్ప్రేల వల్ల రొమ్ము క్యాన్సరు వస్తుందని ఫోనులో యెవరో పంపిన మాట ఆమె అప్పటికే చదివి వున్నది. డబ్బాను చెత్తలో పారేసి, ఆ ఫోనులోనే చూచిన "సహజ" చిట్కా ప్రకారం నిమ్మరసంలో వంటసోడా కలిపి రుద్దుకొన్నది. చర్మం కమిలి మంటలెత్తింది. యెవరితోనూ చెప్పలేదు. మూడు వారాలు రాత్రిళ్ళు నిద్ర లేక, తాను చనిపోతానని లోలోపల కుమిలిపోయిందట. కన్నవాళ్ళమై వుండీ మాకు తెలియలేదు. తల దువ్వుకోవడానికి చెయ్యెత్తలేకపోవడం చూచి అవ్వ అడిగింది: "యేమ్మే, యెన్నాళ్ళనుంచి యిట్లా వుండావు?" అప్పుడు గాని యేడ్పు బయటపడలేదు.

డాక్టరమ్మ చూచి, అది బ్లేడు వాడినందువల్ల వెంట్రుక మొదట్లో చీము పట్టిన సెగ్గడ్డ అన్నారు. మందుతో తగ్గింది. "గడ్డ యేదయినా ముందు చూపించాలి. డబ్బా మార్చితే గడ్డ సంగతి తేలదు" అని మెత్తగా మందలించారు. ఆ మందలింపు పిల్లకంటె మాకే యెక్కువ తగిలింది.

ఆ తరువాత మేము అడిగి, చదివి తెలుసుకొన్నది యిది. చెమటకు స్వతహాగా వాసన లేదు. చంకలో కాపురముండే సూక్ష్మజీవులు దానిని విరిచినప్పుడు వాసన పుడుతుంది. డియోడరెంటు ఆ వాసనను అణచుతుంది. చెమట పట్టకుండా చేసే రకంలోని అల్యూమినియం లవణాలు స్వేదరంధ్రాలను కొంతసేపు మూస్తాయి. 2002లో అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో రొమ్ము క్యాన్సరు వచ్చిన 813 మంది స్త్రీలను, రాని 793 మందిని పోల్చి చూస్తే, వీటికీ ఆ జబ్బుకూ సంబంధం కనబడలేదు. 2004లో ఇంగ్లండులో 20 కణితులను పరీక్షించి పారాబెన్లనే నిలవ ద్రవ్యాలు వున్నాయన్నారు; అవే జబ్బు తెచ్చాయని అందువల్ల రుజువు కాలేదు. అట్లాగని అన్ని డబ్బాలూ నిర్దోషమనీ అనరాదు. 2021లో అమెరికాలో కొన్ని స్ప్రేలలో బెంజీన్ అనే క్యాన్సరు కారక ద్రవ్యం కనబడి, సరుకు వెనక్కు తీసుకోవలసి వచ్చింది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారు అల్యూమినియం వున్నవాటిని వైద్యుణ్ణి అడగనిదే వాడరాదు.

మరి యింటి వైద్యం? అవ్వ నమ్మకంగా వాడే పటికలోనూ వున్నది అల్యూమినియమే! ఆ మాట చెబితే ఆమె బోసినోటితో నవ్వింది. నిమ్మరసం రాసుకొని యెండలోకి పోతే చర్మం బొబ్బలెక్కవచ్చు. వంటసోడా క్షారగుణం కలది. మెత్తటి చర్మానికి పడదు. యింట్లో చేసినంత మాత్రాన ప్రతిదీ అమృతం కాదు.

యిప్పుడు మా అమ్మాయి వాడుతున్నది అవ్వ సున్నిపిండి. పెసలు, కాస్త కస్తూరి పసుపు, వట్టివేరు యెండబెట్టి, దంచి, వస్త్రగాళితం పట్టినది. చెంచాడు పిండి తడిపి చంకలకు మెల్లగా రాసి, చెంబెడు నీళ్ళతో కడిగి, పొడిగా తుడుచుకొని నూలు రవిక తొడుగుకొంటుంది. పుండు వున్నచోట రాయదు. కొత్తగా వాడేవారు ముందుగా మోచేతి మడతలో కొంచెం రాసి వొక రోజు ఆగి చూడాలి. యిది చెమటను ఆపదు. వొంటిని శుభ్రం చేస్తుంది, అంతే.

నీళ్ళు తక్కువయిన రోజున ముందు ఆమెకొక చెంబు అదనంగా తీసి పెడుతున్నాము. అంతకంటె ముఖ్యం, రాత్రి భోజనాలయ్యాక అవ్వ మంచం దగ్గర కూర్చుని వొంటి సంగతులు కూడా చెప్పుకొంటున్నాము. మీ యింట్లోనూ పిల్లలు వున్నారు గదా. సున్నిపిండి దంచినా దంచకపోయినా, వారిని వొకసారి పక్కన కూర్చోబెట్టుకొని అడగండి.