చదునునేల నుంచి కొండపైకి

వరంగల్లు నుంచి బెజవాడ వైపు పోయే రైలుదారిలో నెక్కొండ, ఇంటికన్నె దాటితే కేసముద్రం వస్తుంది. స్టేషనులో దిగి ఏ వైపు చూసినా చదునైన నేలే. వరి మడులు, మక్కచేలు, మిరపతోటలు, నడుమ నడుమ తాటిచెట్లు. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో ఉన్న ఈ ఊరు 2016 నుంచి మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. ఊరికి పేరు తెచ్చినది ఇక్కడి వ్యవసాయ మార్కెట్టు. మిరప వచ్చే రోజుల్లో కొత్తవాడెవడూ తుమ్మకుండా ఆ మార్కెట్టు దాటలేడు!

ఇటువంటి ఊళ్ళో పిల్లలు పర్వతాలు ఎక్కుతామంటే పెద్దలకు నవ్వు వస్తుంది. "ఎక్కడానికి కొండే లేదు, ఎక్కడ నేర్చుకుంటారు?" అని అడుగుతారు. ఈ ప్రశ్నకు 2014లోనే జవాబు వచ్చింది. ఆ ఏడు మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులే. పూర్ణకు అప్పటికి పదునాలుగేళ్ళు కూడా నిండలేదు. నేపాలు వైపు నుంచి అంత చిన్నవారిని ఎక్కనివ్వరు గనుక వారు టిబెట్టు వైపు నుంచి ఎక్కారు.

వీరికి మొదటి పాఠం ఎక్కడ జరిగిందో తెలుసునా? మంచుకొండల్లో కాదు, మన భువనగిరి కొండ మీద. అక్కడ బండలెక్కడం నేర్చిన తరువాతనే వారిని డార్జిలింగుకూ, ఆపైన చలికాలంలో లడాఖుకూ పంపారు. ఎవరెస్టు ఎత్తు 8,848 మీటర్ల పైచిలుకు. ఆ కొసన గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో మూడో వంతే. అంత పలచని గాలికి శరీరం ఒక్కనాటితో అలవాటు పడదు. మెట్టు మెట్టుగా పైకి తీసుకుపోవలసిందే.

మా ఊరి పిల్లలు పదకొండుమంది భువనగిరి కొండ ఎక్కుదామని పట్టుబట్టినప్పుడు, "దసరాకు మొదలుపెట్టండి, సంక్రాంతికి పోదాం" అన్నాను. "ఒక కొండకు మూడు నెలలా సార్!" అని వారి ముఖాలు చిన్నబోయాయి. భువనగిరి చుట్టూ ఉన్న నేలకన్న సుమారు అయిదు వందల అడుగులు ఎత్తు. అది గొప్ప ఎత్తేమీ కాదు. కాని మొదటి వంద అడుగుల్లోనే గుండె దడదడలాడితే మిగిలిన నాలుగు వందలూ శిక్షే అవుతుంది.

మొదటి నెల ఉత్త నడకే. తెల్లవారగానే చెరువుకట్ట పొడుగునా పోయి, పొలాల ఒడ్ల మీదుగా తిరిగి వచ్చేవాళ్ళం. ఒడ్డు మీద నడక తారురోడ్డు మీద నడకవంటిది కాదు. ఒకచోట మెత్తన, ఒకచోట గట్టి, ఒకచోట ఏటవాలు. ప్రతి అడుగుకూ చీలమండ సర్దుకోవలసి వస్తుంది. కొండమీద కాలు మడతపడకుండా కాపాడేది ఈ అలవాటే. నడుస్తూ పక్కవాడితో మాట్లాడగలిగితే వేగం సరిగా ఉన్నట్టు. మాట తెగిపోతుంటే తగ్గించాలి. మా గుంపులో అందరికన్న వేగంగా పరుగెత్తే కుర్రవాడికి ఈ ఒక్క నియమం మింగుడుపడలేదు. తండా నుంచి రోజూ నడిచి బడికి వచ్చే ఒక అమ్మాయి మాత్రం కబుర్లు చెబుతూనే అందరికన్న ముందుండేది.

రెండో నెలలో బడి అరుగు మెట్లు ఎక్కడం, దిగడం, గుంజీళ్ళు తీయడం చేర్చాము. మా కాలంలో శిక్షగా తీయించిన గుంజీళ్ళను ఇప్పుడు పిల్లలే లెక్కపెట్టుకుని తీస్తుంటే నాకు సరదాగా ఉండేది. ఇందులో చిన్న శాస్త్రం ఉన్నది. ఎక్కేటప్పుడు తొడకండరం కుదించుకుని శరీరాన్ని పైకి నెడుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, శరీరం దభీమని కిందికి పోకుండా పట్టి ఆపుతుంది, బండికి బ్రేకులాగా. ఈ రెండో పనిలోనే కండరపు పోగులు సన్నసన్నగా చిట్లుతాయి. కొండ దిగిన మర్నాడు వచ్చే నొప్పి అదే. ముందు నుంచి కొంచెం కొంచెంగా దిగడం అలవాటు చేస్తే పోగులు గట్టిపడి ఆ నొప్పి చాలా తగ్గుతుంది. చాలామంది ఎక్కడమే సాధన చేస్తారు, దిగడం మరచిపోతారు.

సంచీ మోయడం నేర్పినది నేను కాదు, మార్కెట్టు హమాలీలు. పిల్లలను ఒకనాడు అక్కడికి తీసుకుపోయాను. మిరప బస్తా ఎత్తుతున్న పెద్దాయన, "నడుము వంచి లేపితె నడుము పోతది సారూ. మోకాళ్ళు వంచి కూసోని లేవాలె. అడుగు చిన్నగ ఎయ్యాలె" అని చేసి చూపించాడు. వ్యాయామ పుస్తకాలలో పది పుటలు ఉండే సంగతి అది. ఆనాటి నుంచి పిల్లలు సంచీలో నీళ్ళసీసా, రెండు పుస్తకాలు పెట్టుకుని నడిచారు. బరువు తమ బరువులో పదోవంతు మించకుండా చూశాను.

నిద్ర లేవగానే మణికట్టు దగ్గర నాడి చూసుకుని రాసుకోమన్నాను. మొదట నిమిషానికి 84 సార్లు కొట్టుకున్న ఒకరి నాడి మూడో నెలకు 76కు దిగింది. గుండె బలపడితే ఒక్కొక్క దెబ్బకు ఎక్కువ నెత్తురు తోస్తుంది. అందుచేత తక్కువ దెబ్బలతోనే పని జరిగిపోతుంది.

ప్రయాణం నాటి ఉదయం ఒక పిల్లవాడు జ్వరంతో స్టేషనుకు వచ్చాడు. మూడు నెలల్లో ఒక్కరోజు కూడా మానని పిల్లవాడు. వాళ్ళమ్మ, "మూన్నెల్లు తిరిగిండు గద సారూ, మెల్లగ ఎక్కుతడు, తీస్కపోండ్రి" అని బతిమాలింది. పిల్లవాడు నా ముఖం చూడకుండా నిలుచున్నాడు. జ్వరంలో గుండె అప్పటికే వేగంగా కొట్టుకుంటుంటుంది. దానిపైన కొండ ఎక్కే శ్రమ పెడితే గుండె కండరానికే హాని కలగవచ్చు. "జ్వరం పోయి, పూర్తిగా కోలుకున్నాక నిన్ను ప్రత్యేకంగా తీసుకుపోతాను" అని మాట ఇచ్చి ఇంటికి పంపాను. రైలు కదిలిన తరువాత చాలాసేపు పిల్లలెవరూ మాట్లాడలేదు.

కాజీపేట, జనగామ, ఆలేరు దాటాక కిటికీలో నుంచే ఆ కొండ కనిపించింది. గుడ్డులాగా నున్నగా ఉన్న ఒకే ఒక బండ! రెండు వందల కోట్ల ఏళ్ళకు పైబడిన నల్లసేనపు రాయి అది. దానిమీద కోట కట్టించినవాడు చాళుక్యరాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు. అతని పేరుమీదనే త్రిభువనగిరి, భువనగిరి అయినది.

కొంతదూరం మెట్లున్నాయి. ఆపైన నున్నటి ఏటవాలు బండ. మన పరుగువీరుడు మొదటి మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కి, సగం దారిలో రొప్పుతూ కూలబడ్డాడు. తండా అమ్మాయి చిన్న చిన్న అడుగులు వేస్తూ వచ్చి, తన పల్లీపట్టీ సగం విరిచి ఇచ్చి, ఆగకుండా పైకి పోయింది. పైనుంచి చుట్టూ చెరువులు, పొలాలు, బొమ్మరైలులాగా మేము వచ్చిన రైలుదారి కనిపించాయి. దిగేటప్పుడు ఒక్కరూ పరుగెత్తలేదు. మోకాళ్ళు కొంచెం వంచి, పాదం మొత్తం ఆనించి దిగారు. ఎండ ముదరకముందే కింద ఉన్నాము.

జ్వరం పడిన పిల్లవాడు రెండు వారాలు విశ్రాంతి తీసుకుని, మళ్ళీ చెరువుకట్ట మీద సగం దూరంతో మొదలుపెట్టాడు. బండ వేడెక్కే రోజులు రాకముందే, ఫిబ్రవరి చివరలో, అతణ్ణీ అతని తండ్రినీ వెంటబెట్టుకుని మళ్ళీ భువనగిరి వెళ్ళాను. దారిలో తండ్రి మూడుచోట్ల కూర్చున్నాడు. కొడుకు కూర్చోలేదు.