తెల్లగా చెయ్యని సున్నిపిండి

మా తరం ఆడపిల్లలకి సున్నిపిండి అంటే పండగ లెక్క. భోగికీ దీపావళికీ తెల్లారకుండానే లేపేసి, ఒంటికి నువ్వుల నూనె పట్టించి, నలుగు పెట్టి, కుంకుడు రసంతో తల రుద్దేవారు. కళ్ళు మండి మనం ఏడుస్తుంటే "అయిపోయింది, అయిపోయింది" అంటూ ఇంకో చెంబు పోసేవారు. పార్వతీదేవి ఆ నలుగుపిండితో ఏకంగా వినాయకుణ్ణే చేసింది గానీ, మన ఇళ్ళల్లో రాలిన పిండికి తూము పూడుకుపోవడం తప్ప ఏమీ జరిగేది కాదు!

ఇప్పుడు అదే పిండి అందమైన సీసాల్లో, నాచురల్ అన్న పేరుతో తిరిగొచ్చింది. సంతోషమే. కానీ ప్రకృతి ఇచ్చిందల్లా మెత్తగా ఉంటుందనుకుంటే కుదరదు. ఈ ఏడాది మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మేం గాజువాక వైపు ఉంటాం. మావారు స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. విశాఖ గాలి సంగతి మీకు చెప్పేదేముంది? సముద్రపు తేమ, ఉప్పదనం, దానికి తోడు రోడ్ల దుమ్ము. సాయంత్రం తడి దూదితో ముఖం తుడిస్తే దూది రంగు మారుతుంది. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. మొటిమలు మొదలయ్యాయి. గరుకు గింజలున్న ఫేస్‌వాష్ పెట్టి రోజుకి అయిదుసార్లు రుద్దుకునేది. చెంపలు ఎర్రబడి, బిగుసుకుపోయి, నవ్వితే చురుక్కుమనే స్థితికి వచ్చింది.

"ఆ క్రీము రాయండి, పది రోజుల్లో తేడా చూస్తారు" అని ఒక పెళ్ళిలో దగ్గరివాళ్ళే సలహా ఇచ్చారు. "పిల్ల చామనఛాయ కదా, ఇప్పట్నుంచే జాగ్రత్త పడాలి" అని కూడా కలిపారు. ఆ క్రీము సంగతి నాకు ముందే తెలుసు. మా ఆడపడుచు కూతురు అదే రాసింది. మొదటి నెల ముఖం మెరిసిపోయింది. మానేసిన వారానికి మంట, ఎర్రటి పొక్కులు, సన్నటి రక్తనాళాలు పైకి కనిపించడం. ఎండలోకి వెళ్తే "అత్తా, ముఖం కాలిపోతోంది" అని ఏడ్చేది. చర్మం డాక్టరు గారు ట్యూబు చూసి, ఇందులో స్టెరాయిడ్ ఉంది అన్నారు. 2018లోనే కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. అయినా అడిగితే ఇచ్చే షాపులున్నాయి. ఆ పిల్ల కోలుకోడానికి నెలలు పట్టింది.

ఆ రోజు డాక్టరు గారు చెప్పిన ముక్క నాకు బాగా పనికొచ్చింది. మన చర్మం పైపొర సహజంగా కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది. పీహెచ్ 5 దగ్గర అన్నమాట. మామూలు స్నానం సబ్బుది 9, 10 మధ్య ఉంటుంది. ఎక్కువసార్లు రుద్దేకొద్దీ మురికితో పాటు చర్మాన్ని కాపాడే నూనెపొర కూడా పోతుంది. అందుకని ముఖాన్ని కడగాలి గానీ తోమకూడదు. ముఖమేమీ ఇత్తడి బిందె కాదుగా!

అలా నేను పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాను. పచారీ కొట్టాయన పెసలు, కచ్చూరాలు, వట్టివేళ్ళు, బావంచాలు వరసగా తూచి పెట్టేశాడు. బావంచాలు వద్దన్నాను. "బావంచాలు లేని సున్నిపిండేంటమ్మా!" అని ఆయన ఆశ్చర్యపోయాడు. బొల్లి మచ్చలకి బావంచాలు వాడి ఎండ తగలనివ్వడం పాత వైద్యం. వాటిలో ఉండే సొరాలిన్ చర్మాన్ని ఎండకి త్వరగా కందేలా చేస్తుంది. ఇప్పటి డాక్టర్లు కూడా బొల్లికి అతినీలలోహిత కాంతితో కలిపి సొరాలిన్ వాడతారు. మందుగా అది మంచిదే. రోజూ ముఖానికి పూసుకుని విశాఖ ఎండలో కాలేజీకి వెళ్ళే పిల్లకి మాత్రం కాదు. నిమ్మరసం కూడా అంతే. పుల్లదనం ఎక్కువ, పైగా రాసుకుని ఎండలోకి వెళ్తే నల్లమచ్చలు పడొచ్చు.

మరి కుంకుడుకాయ? అది మన ఏజెన్సీ అడవుల సొమ్ము. 1956 నుంచి మన విశాఖ కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ కుంకుడుకాయలు, సీకాయ, తేనె గిరిజనుల దగ్గర కొని అమ్ముతోంది. తలకి నేను అవే వాడతాను. ముఖానికి వద్దు. దాని నురుగు జిడ్డుని బాగా లాగేస్తుంది, కంట్లో పడితే ఏమవుతుందో మనందరికీ చిన్నప్పుడే తెలుసు.

చివరికి మిగిలింది పెసరపిండి. పెసలు ఎండబెట్టి, మెత్తగా పట్టించి, పల్చటి నూలుబట్టలో వస్త్రకాయం పట్టాను. జల్లెడ చాలదు, పలుకు మిగిలితే అదీ గీరుతుంది. చెంచాడు పిండి, కాసిన్ని పాలు. జారుగా కలిపి, వేళ్ళతో అద్దినట్టు రాసి, ఎండిపోకముందే చల్లటి నీళ్ళతో కడిగేయడం. రుద్దుడు లేదు. ఉదయం ఒకసారి, కాలేజీ నుంచి వచ్చాక ఒకసారి, అంతే. ముందు మూడు రోజులు మోచేతి లోపలి వైపు రాసి చూశాం, దురద వస్తుందేమో అని. మన ఊరి తేమకి పిండి త్వరగా ముక్కిపోతుంది. అందుకని తడిలేని చిన్న సీసాలో పది రోజులకి సరిపడా మాత్రమే బయట ఉంచుతాను. కలిపినది దాచను. పాడేరు పసుపు చిటికెడు వేద్దామంటే, "పచ్చ ముఖంతో కాలేజీకి వెళ్ళను" అని అమ్మాయి ఒప్పుకోలేదు. సరేనన్నాను.

మావారు కూడా ఉత్సాహపడి డ్యూటీ నుంచి రాగానే ఆ పిండితో చేతులు కడిగారు. గ్రీజు పిండికి లొంగదు! ఆయన సబ్బు ఆయనకి ఇచ్చేశాను. ఎవరి మురికికి తగ్గ మందు వాళ్ళది.

ఆరు వారాలు గడిచాయి. చెంపల ఎరుపు తగ్గింది, బిగుతు పోయింది. మొటిమలు పూర్తిగా పోలేదు. వాటికి డాక్టరు గారు ఇచ్చిన మందు రాత్రిపూట రాస్తోంది. పిండి పని శుభ్రం చెయ్యడం, వైద్యం చెయ్యడం కాదు. మొటిమలు ఎక్కువగా ఉన్న పిల్లలకి కొబ్బరినూనె కూడా పడకపోవచ్చు, చూసుకోండి.

ఒకరోజు అద్దం ముందు నిలబడి, "అమ్మా, దీంతో తెల్లబడతానా?" అని అడిగింది. ఆ పెళ్ళిలో విన్న మాట దాని మనసులో ఇంకా ఉందని అప్పుడు అర్థమైంది. "తెల్లబడవు. అందుకే ఇది నీ ముఖానికి పెడుతున్నాను" అన్నాను. అది కాసేపు నా వంక చూసింది. ఏమీ అనలేదు.

మన దేశంలో 1975 నుంచి ఇంటింటికీ తిరిగిన ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి 2020లో ఫెయిర్ అన్న మాట తీసేశారు. ట్యూబు మీద మాట మార్చడం తేలిక. పెళ్ళి పందిట్లో మన నోటి మాట మారడానికి ఇంకా టైమ్ పట్టేలా ఉంది. మీ ఇంటికి వచ్చిన ఆడపిల్లని చూసి "నల్లబడ్డావేంటే" అని ఎవరైనా అంటే, ముందు ఆ మాటకి అడ్డుపడండి. ముఖానికి ఏం రాయాలో తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.