ఒకే ఒరలో రెండు కత్తులు

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలన్నారు గానీ, ఒకే లాప్‌టాప్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టములు చక్కగా ఇముడుతాయి. మీట నొక్కగానే ఎవరు కావాలో చెప్పమంటుంది. విండోస్ అంటే విండోస్, ఉబుంటు అంటే ఉబుంటు. పేచీ అల్లా వాటి ఉమ్మడి ఆస్తి దగ్గరే వస్తుంది. ఆ ఆస్తి పేరు వైఫై.

మా ఇంట్లో ఈ రెండో కాపురం ఎందుకు పెట్టాల్సొచ్చిందో చెబుతాను. విండోస్ 10కి మామూలు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే మా లాప్‌టాప్ మరీ పాతది. వరంగల్లులో ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి దీపావళికి వచ్చి, "నీ రాతకోతలకి ఉబుంటు చాలమ్మా, పైసా ఖర్చు లేదు" అంటూ గంటలో పని ముగించాడు. మావారి పాత లెక్కల కోసం విండోస్‌నీ ఓ మూల ఉండనిచ్చాడు.

1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లినక్సుకి ఈ ఉబుంటు వారసురాలట. 2004లో పుట్టింది. దక్షిణాఫ్రికా భాషల్లో ఆ మాటకి మానవత్వమని అర్థం. పేరు బాగుందని సంబరపడ్డాను. తెలుగు టైపు చేసుకోవడమూ హాయిగానే ఉంది. కానీ వైఫై మాత్రం చుట్టపుచూపుగా వచ్చిపోయేది. కొన్ని రోజులు పది నిమిషాలుండి మాయమయ్యేది. కొన్ని రోజులు అసలు రాదు సరికదా, ఈ యంత్రంలో వైఫై అడాప్టరే లేదని తెర మీద రాసి మరీ చూపించేది!

నా సీరియల్ భాగం ప్రతి బుధవారం సాయంత్రానికి పత్రికాఫీసు చేరాలి. మావారితో చెబితే, "సంక్రాంతికి అబ్బాయొస్తాడుగా, చూస్తాడులే. అందాకా ఫోనులో రాసుకో" అన్నారు. చూశారా, ఇంట్లో మిక్సీ ఆగిపోతే సంక్రాంతిదాకా ఆగుదామని ఎవరూ అనరు. ఆగింది ఇల్లాలి రాత అయ్యేసరికి పండగ దాకా ఆగొచ్చు! బజారులో రిపేరు కుర్రాడేమో పెట్టె తెరవకుండానే, "కార్డు పోయిందండీ, కొత్తది వెయ్యాలి" అని తేల్చేశాడు.

ఇలా లాభం లేదనుకున్నాను. పెరుగు తోడుకోకపోతే మనం పాలూ, తోడూ, గిన్నే ఒక్కసారే మార్చెయ్యం కదండీ. ఒక్కోటే మార్చి చూస్తాం. ఆ పద్ధతే ఇక్కడా పెట్టాను. లాప్‌టాప్ పక్కనే ఫోను పెట్టి చూశాను. ఫోనులో వైఫై నిక్షేపంలా వస్తోంది. అంటే రౌటరు నిర్దోషి. అదే బల్ల మీద, అదే లాప్‌టాప్‌లో విండోస్ తెరిచాను. అందులోనూ వస్తోంది. అంటే కార్డూ నిర్దోషే. కొత్తది వేయిస్తే డబ్బు దండగయ్యేది!

తరవాత అనుమానం మైక్రోవేవ్ ఒవెన్ మీదికి పోయింది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగాలు గోడలు దాటి బాగానే వస్తాయి గానీ, ఒవెన్ తరంగాలూ ఇంచుమించు ఆ దారినే నడుస్తాయి. 5 గిగాహెర్ట్జ్ వైఫైకి ఆ రద్దీ ఉండదు గానీ గోడ అడ్డొస్తే నీరసిస్తుంది. రెండు రోజులు ఒవెన్ ముట్టుకోలేదు. అయినా ఫలితం లేదు.

ఇక పాలలెక్క పుస్తకం వెనక పేజీల్లో ఓ పట్టిక గీశాను. వైఫై ఎప్పుడు పోయింది, అంతకుముందు ఏ సిస్టం తెరిచారు, దాన్ని ఎలా ఆపారు. వారం తిరిగేసరికి గుట్టు బయటపడింది. రాత్రి మావారు విండోస్‌లో లెక్కలు చూసుకుని షట్‌డౌన్ చేసిన మర్నాడే ఉబుంటులో అడాప్టర్ లేదంటోంది. రీస్టార్ట్ చేసి ఉబుంటులోకి వస్తే ఏ పేచీ లేదు!

ఫోనులో ఈ పట్టిక చదివి వినిపిస్తే మా అబ్బాయి ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "ఫాస్ట్ స్టార్టప్ అమ్మా!" అన్నాడు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచీ ఉన్న ఏర్పాటట అది. మర్నాడు చప్పున తెరుచుకోవడానికి, షట్‌డౌన్ అన్నా పూర్తిగా ఆగదు. తన స్థితిని డిస్కులో దాచుకుని కునుకు తీస్తుంది. ఒక్కోసారి వైఫై కార్డునీ ఆ మగతలోనే వదిలేస్తుంది. కొట్టుగది తాళంచెవి బొడ్లో దోపుకుని ఊరెళ్ళిన అత్తగారిలాగన్నమాట! వెనక వచ్చిన కోడలు ఎంత తట్టినా తలుపు తెరుచుకోదు. రీస్టార్ట్ అంటే మాత్రం నిజంగానే అన్నీ ఆపి మళ్ళీ మొదలుపెడుతుంది.

మందు చిన్నదే. విండోస్ కంట్రోల్ పానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్ళి, పవర్ మీటల సంగతి చూసే చోట ఫాస్ట్ స్టార్టప్ ఎదురుగా ఉన్న టిక్కు తీసెయ్యడమే. ఇక పది నిమిషాలకోసారి పోయే జబ్బుకి కారణం ఉబుంటు పొదుపు. బ్యాటరీ కోసం వైఫైని మధ్యమధ్య జోకొడుతోందట. అబ్బాయి చెబుతుంటే ఆ సెట్టింగు ఫైలు నేనే తెరిచి, పవర్‌సేవ్‌కి ఎదురుగా ఉన్న 3ని 2 చేశాను. 3 అంటే పొదుపు చెయ్యి, 2 అంటే వద్దు. బ్యాటరీ కాస్త ముందుగా అయిపోతే అయిపోనీ!

ఆ ఫాస్ట్ స్టార్టప్‌ని తిట్టబుద్ధి కాలేదు సుమండీ. మన నిద్రలూ అంతే కదా! పడుకున్నామన్న మాటే గానీ ఓ చెవి కాలింగ్ బెల్లు మీద, మరో చెవి పిల్లల దగ్గు మీద. దానికైతే ఒక్క టిక్కు తీసేస్తే ఒళ్ళెరగని నిద్ర పడుతుంది. మన టిక్కు ఎక్కడుందో ఏ ఇంజనీరూ చెప్పలేదు.

మీ ఇంట్లోనూ ఇలా వైఫై వచ్చిపోతుంటే వెంటనే పర్సు తియ్యకండి. పక్కన ఫోను పెట్టి చూడండి, రెండో సిస్టం ఉంటే అందులో చూడండి, ఓ కాగితం మీద వేళలు రాయండి. ఏ మెకానిక్కయినా ముందు అడగవలసిన ప్రశ్న, "ఎప్పుడెప్పుడు పోతోందండీ?" అన్నదే. దానికి జవాబు రోజూ దాని ముందు కూచునేవాళ్ళకి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది?