ఆ శబ్దం పేరేమిటి?

టైమింగ్ బెల్టు అనేది కారు నడిపేవారిలో చాలామంది ఎన్నడూ కంట చూడని వస్తువు. ఇంజను ప్రక్కన, ప్లాస్టిక్ మూత చాటున, పళ్లున్న రబ్బరు పట్టీ ఒకటి తిరుగుతూ ఉంటుంది. క్రింద ఉన్న క్రాంకు షాఫ్టుకూ, పైన ఉన్న క్యామ్ షాఫ్టుకూ అదే లంకె. క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి క్యాము సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. నిమిషానికి 3,000 చుట్ల వేగంలో ప్రతి పిస్టనూ సెకనుకు 50 సార్లు పైకి వచ్చి పోతుంది. ప్రతి వాల్వూ 25 సార్లు తెరుచుకొని మూసుకుంటుంది. అనేక ఇంజన్లలో ఈ రెండూ వంతులవారీగా వాడుకునే చోటు ఒక్కటే. నడుస్తున్న ఇంజనులో బెల్టు తెగితే ఆ వంతు తప్పుతుంది. పిస్టన్లు వెళ్లి తెరిచి ఉన్న వాల్వులను ఢీకొంటాయి. ఆ మీదట బెల్టు మార్చితే సరిపోదు. ఇంజను హెడ్డు విప్పవలసి వస్తుంది.

ఈ పట్టీ చరిత్ర మరీ పాతదేమీ కాదు. అంతకుముందు ఆ పనిని ఉక్కు గొలుసులో, పళ్లచక్రాలో చేసేవి. విత్తనాలు నాటే యంత్రాలు తయారుచేసి పైకి వచ్చిన గ్లాస్ అనే జర్మన్ కంపెనీ 1962లో తన 1004 కారులో పళ్ల రబ్బరు బెల్టును ప్రవేశపెట్టింది. పెద్ద సంఖ్యలో తయారైన కార్లలో అదే మొదటిది. గాజు పోగుల త్రాళ్లను లోపల పొదిగి కృత్రిమ రబ్బరుతో చేసే ఈ బెల్టుకు నూనె అక్కరలేదు, బరువు తక్కువ, పైగా గొలుసుకంటే నెమ్మదిగా, చప్పుడు లేకుండా తిరుగుతుంది. కనుకనే, క్రొత్త బెల్టు వేయించిన మరునాడు ఇంజను కొత్త గొంతుతో పలకడం మొదలుపెడితే దానిని తేలికగా తీసుకోరాదు.

2023 వేసవిలో మా కారుకు అదే జరిగింది. పదకొండేళ్ల పెట్రోలు కారు. 90 వేల కిలోమీటర్లు దాటింది. బెల్టు గడువు మించిపోతున్నదని హనుమకొండలోని ఒక వర్క్‌షాపులో మార్పించాము. ఆ రోజుల్లో మా అత్తయ్యగారికి హైదరాబాదులో కీమోథెరపీ జరుగుతున్నది. మూడు వారాలకొకసారి ప్రయాణం. పోను 150 కిలోమీటర్లు, రాను 150. మందు ఎక్కిన తరువాత రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి కాబట్టి జనసమ్మర్దంలోకి తీసుకుపోవద్దని డాక్టరుగారు ఖండితంగా చెప్పారు. అందుచేత రైలు లేదు, బస్సు లేదు. మావారి ఉద్యోగం వేరే రాష్ట్రంలో. స్టీరింగు నాదే. టైరు పంక్చరైతే దారిలో ఎవరో ఒకరు మార్చిపెడతారు. మిట్టమధ్యాహ్నం భువనగిరి దాటిన తరువాత టైమింగ్ బెల్టు తెగితే, వెనుక సీటులో వాంతులతో సొమ్మసిల్లిన మనిషిని పెట్టుకొని నేనేమి చేయాలి? తరువాతి ప్రయాణానికి ఆరు రోజులు ఉన్నది. ఇంజను చూస్తే కూస్తున్నది.

కూస్తున్నదని నేనంటున్నాను గాని, ఆ శబ్దాన్ని ఏమనాలన్న విషయంలో ఏ ఇద్దరికీ ఏకీభావం కుదరలేదు. అత్తయ్యగారు విని, “తుమ్మెద దూరినట్లుంది లోపల” అన్నారు. ఫోనులో వినిపిస్తే మావారికి ఇంజను మామూలు రొద తప్ప మరేమీ వినబడలేదు. బెల్టు వేసిన వర్క్‌షాపు సూపర్‌వైజరు “ఈల” అన్నాడు. ఈల అనుకున్నాడు కాబట్టి గాలి గొట్టాలు ఎక్కడ వదులయ్యాయో వెదికాడు. ఎక్కడా వదులు కాలేదు. చివరికి, “మేడం, కొత్త బెల్టు కదా, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అదే సెట్ అయిపోతుంది” అని సాగనంపాడు. పేరును బట్టి వెదుకులాట సాగుతుందన్న సంగతి నాకు అప్పుడే మనసుకు తట్టింది. తుమ్మెద అన్నవాడు ఒక చోట వెదుకుతాడు, ఈల అన్నవాడు మరొక చోట వెదుకుతాడు.

నా వృత్తి అనువాదం. కాకతాళీయంగా ఆ నెలలోనే ఐ.టి.ఐ. విద్యార్థుల కోసం మోటారు మరమ్మతు పుస్తకమొకటి ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తున్నాను. అందులో శబ్దాల పట్టిక ఉన్నది. వైన్, స్క్వీల్, చర్ప్, ర్యాటిల్, నాక్, టిక్. ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్న రోజుల్లో కవుల ధ్వనుల గురించి పరీక్షల్లో పేజీలు పేజీలు వ్రాశాను. ఆ విద్య ఇక్కడ కొరగాలేదు. తెలుగులో శబ్దాలకు కరువా? కిచకిచ, గరగర, కణకణ, జరజర, బుసబుస, టకటక, గిలగొట్టినట్లు గలగల. మన జంట పదాల సంపద ముందు ఇంగ్లీషు వెలవెలబోతుంది. కాని ఈ పదాలు ఎంత అందంగా ఉంటాయో అంత జారుడువి. “గరగర” అంటే నాకు గొంతులో కఫం, మా తమ్ముడికి ఇసుక మీద చెప్పు. కవితలో అది అలంకారమే. బేరింగు విషయంలో మాత్రం ప్రమాదం.

వైద్యులకు కూడా ఒకప్పుడు ఈ చిక్కే ఉండేది. పారిస్ నగరంలో రెనే లెన్నెక్ అనే డాక్టరు 1816లో కాగితాన్ని గొట్టంగా చుట్టి ఒక యువతి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు పుట్టుక అదే. 1819లో వెలువరించిన తన గ్రంథంలో ఊపిరితిత్తుల్లో వినిపించే రకరకాల ధ్వనులకు ఆయన పేర్లు పెట్టాడు. ఆ పేర్లు నిలవడానికి కారణం వాటి సొంపు కాదు. బ్రతికి ఉన్నప్పుడు ఛాతీలో తాను విన్న ధ్వనిని, రోగి మరణించిన తరువాత శవపరీక్షలో కనిపించిన దెబ్బతో జతచేసి చూశాడు. మెకానిక్కు అదృష్టవంతుడు. ఇంజనును విప్పి చూడడానికి అది చావనక్కరలేదు.

నేను ఒక నోటుబుక్కు తీసుకొని, శబ్దం దేనిలా ఉన్నదో వ్రాయడం మాని, ఎప్పుడు వస్తున్నదో, దేనితో మారుతున్నదో వ్రాయడం మొదలుపెట్టాను. రెండు రోజులు వ్రాశాను. తెల్లవారుజామున చల్లని ఇంజనులో ఉన్నది; వేడెక్కాక మరికొంచెం పెరిగింది. కారు నిలిపి, న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటరు తొక్కితే శబ్దం స్థాయి పైకి పోయింది. అంటే చక్రాలకు సంబంధం లేదు. క్లచ్చు తొక్కినా మారలేదు. అంటే గేరుబాక్సు బేరింగు మీద అనుమానం తగ్గింది. ఏసీ వేసినా, ఆపినా ఒకటే. సైలెన్సరు వైపు ఏమీ లేదు. బెల్టు మూత ఉన్న వైపే గట్టిగా ఉన్నది. మూడవ రోజుకు మొదటి రోజుకంటే పెరిగింది.

ఈ చివరి వాక్యం క్రింద రెండు గీతలు గీశాను. “సెట్ అయ్యే” శబ్దం తగ్గాలి గాని పెరగదు.

మా వీధిలోనివారు ములుగు రోడ్డు వైపు ఉన్న ఒక ఉస్తాద్‌ను చూడమన్నారు. వేపచెట్టు క్రింద షెడ్డు, నూనె ఇంకి నల్లబడిన నేల, గోడకు వరుసగా వ్రేలాడుతున్న పానాలు. వయసు అరవై దాటి ఉంటుంది. ఎడమ చెవి సరిగా వినిపించదని, కుడి వైపు నిలబడి మాట్లాడమని ఆయన దగ్గర పనిచేసే కుర్రవాడు ముందే హెచ్చరించాడు. శబ్దం సంగతి తేల్చుకోవడానికి చెవుడు ఉన్న మనిషి దగ్గరికి వచ్చానా అనుకున్నాను.

ఆయన బానెట్ ఎత్తలేదు. ముందు నన్నే అడిగాడు. “ఎప్పుడొస్తది అమ్మా? సల్లగున్నప్పుడా, యేడెక్కినంకనా? ఏసీ ఏస్తె మారుతదా? క్లచ్చు తొక్కితె?” నేను నోటుబుక్కు తీసి చదివాను. ఆయన తల ఊపుతూ విని, “సగం పని మీరే చేసిన్రు” అన్నాడు. ఈ మాటను గొప్ప కోసం ఇక్కడ వ్రాయడం లేదు. శబ్దం ఎలా ఉన్నదని ఆయన నన్ను ఒక్కసారి కూడా అడగలేదన్నది చెప్పడానికి వ్రాస్తున్నాను.

తరువాత కుర్రవాడి చేత ఇంజను బయటివైపు బెల్టు, అంటే ఆల్టర్నేటరునూ ఏసీ కంప్రెసరునూ తిప్పే బెల్టు తీయించాడు. ఇంజను స్టార్టు చేసి అర నిమిషం నడిపించాడు. శబ్దం అలాగే ఉన్నది. దానితో బయటి సామాను అంతా నిర్దోషి అని తేలిపోయింది. దోషి మూత వెనుకనే ఉన్నది. (ఈ పరీక్ష అన్ని కార్లకూ కుదరదు. కొన్నింటిలో వాటర్ పంపు కూడా ఆ బయటి బెల్టుతోనే తిరుగుతుంది. అటువంటి ఇంజను నీరు పారక త్వరగా వేడెక్కుతుంది. తెలిసినవారి చేతనే చేయించాలి.)

అప్పుడు బారెడు స్క్రూడ్రైవరు తీసుకొని, దాని మొనను మూత ప్రక్కన ఇంజను లోహానికి ఆనించి, పిడిని ఎడమ చెవి వెనుక ఎముకకు గట్టిగా నొక్కిపెట్టాడు. వినిపించని ఆ చెవి వైపే! ఎముక గుండా వచ్చే శబ్దానికి కర్ణభేరితో పని లేదు. అది నేరుగా లోపలి చెవికి చేరుతుంది. బయటి రొద ఆ వైపు నుంచి చొరబడదు కాబట్టి, ఇనుము చెప్పేది ఒక్కటే ఆయనకు స్పష్టంగా వినబడుతుంది. మొనను నాలుగు చోట్లకు జరిపి, మూడవ చోటికి మళ్లీ వచ్చి ఆగాడు. “ఐడ్లర్” అన్నాడు.

“వాల్వుల చప్పుడు కాదా?” అన్నాను, పుస్తకంలో చదివినది గుర్తుకు వచ్చి.

“అది టక్ టక్ అని లెక్కపెట్టొచ్చమ్మా. ఇది లెక్కకు అందదు.”

ఆ మాటలో ఉన్న గణితం గట్టిది. ఐడ్లింగులో ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరిగితే క్యాము 400 చుట్లే తిరుగుతుంది. వాల్వు చప్పుడు సెకనుకు ఏడుకు లోపు. చెవి వాటిని విడివిడిగా పట్టుకోగలదు. బేరింగులో గుండ్లు అంతకంటే ఎన్నో రెట్ల వేగంతో దొర్లుతూ ఒకే స్వరంగా కలిసిపోతాయి. బెల్టు వదులుగా ఉంటే మూతకు తగిలి పటపటమంటుంది. మూత బోల్టు ఒకటి బిగించడం మరిచిపోయినా ఒరిపిడి వినిపిస్తుంది. ఒక పన్ను తప్పి బెల్టు ఎక్కిస్తే శబ్దంకంటే ముందు ఇంజను తీరే మారిపోతుంది: వణుకు, నీరసం, స్టార్టింగులో మొండితనం.

మూత తీశారు. టెన్షనరు మీద ఒక సూచిక, దానికి ఎదురుగా ఒక గీత ఉంటాయి; రెండూ కలిస్తే బిగువు సరి. మా కారులో సూచిక గీతను దాటిపోయి ఉన్నది, అంటే బెల్టు మితిమీరిన బిగువులో ఉన్నది. ఇక ఐడ్లర్ రోలరు పాతదే. బిల్లులో బెల్టు, టెన్షనరు మాత్రమే ఉన్నాయి. ఉస్తాద్ దానిని ఊడదీసి, వ్రేలితో తిప్పి నా చేతిలో పెట్టాడు. సన్నగా ‘జర్ర్’ మంటూ చాలాసేపు తిరిగింది. ఎంత తేలికగా తిరుగుతున్నదో, బాగానే ఉన్నట్లుంది కదా అన్నాను. ఆయన డబ్బాలోని క్రొత్త రోలరును తిప్పాడు. అది ఒకటి రెండు చుట్లు బరువుగా తిరిగి ఆగిపోయింది. లోపల గ్రీజు నిండుగా ఉన్న బేరింగు తన బరువుతో తానే ఆగుతుంది. గ్రీజు ఎండిపోయినదే హాయిగా గిర్రున తిరుగుతుంది. వదులైన పాత బెల్టు క్రింద ఎలాగో కాలం వెళ్లబుచ్చుతున్న ఆ ముసలి బేరింగు, క్రొత్త బెల్టు బిగువు మీద పడేసరికి గొల్లుమన్నది. అది కాస్తా బిగుసుకుపోతే, బెల్టు ఎంత క్రొత్తదైనా పళ్లు ఊడిపోవడమో, తెగడమో తప్పదు.

ఐడ్లర్ మార్చాడు. బిగువు మించి నడిచిన బెల్టును తాను నమ్మనన్నాడు. అదీ, దానితో టెన్షనరూ మార్పించాను. మూత ఎలాగూ తీసి ఉన్నది కనుక వాటర్ పంపు కూడా వేయించాను. మళ్లీ విప్పితే మజూరీ మళ్లీ మొదటికి వస్తుంది. ఇంజను స్టార్టు చేసే ముందు పానాతో క్రాంకును చేత్తో రెండు చుట్లు త్రిప్పించి, గుర్తులు కలిశాయో లేదో తానే వంగి చూసుకున్నాడు. మొదటి వర్క్‌షాపువారు పాత రోలరును చూసి మజూరీలో సగం వాపసు ఇచ్చారు. ఆ వాదోపవాదాలు ఇక్కడ అనవసరం.

బయలుదేరేముందు, “ఈ సప్పుడును మీరేమంటారు ఉస్తాద్?” అని అడిగాను. పుస్తకంలో ‘వైన్’ అన్న మాట దగ్గర ఇంకా ఖాళీ ఉన్నది.

“ఏమంటం అమ్మా, బేరింగు ఏడుస్తున్నదంటం.”

ఇంగ్లీషు మాటకు కూడా మొదటి అర్థం అదే కదా: పసిపిల్లలు, కుక్కపిల్లలు సన్నగా, ఆగకుండా తీసే ఏడుపు. పట్టికలో ‘బేరింగు ఏడుపు’ అని వ్రాసి, దాని ప్రక్కన ఇంకొక గడి గీసి, “ఇంజను వేగంతో హెచ్చుతుంది, క్లచ్చుతో, ఏసీతో మారదు, బయటి బెల్టు తీసినా ఆగదు, మూత విప్పి ఐడ్లర్‌ను, టెన్షనరును, వాటర్ పంపును చేత్తో తిప్పి చూడవలెను” అని చేర్చాను. మూలంలో ఆ గడి లేదు. సంపాదకులు ఎందుకు చేర్చారని అడిగారు, చెప్పాను, ఉంచారు.

ఆరవ రోజు ఉదయం నాలుగున్నరకు బయలుదేరాము. ఘట్‌కేసర్ దాటేవరకు అత్తయ్యగారు నిద్రపోయారు.