గ్లాసు పక్కన కూర్చున్నవాళ్ళు

"మందు ముట్టనివాణ్ణి నమ్మకూడదు" అనే మాట ఈమధ్య మరీ ఎక్కువగా చెవిన పడుతోంది. విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. పెళ్ళిళ్ళలో, ఆఫీసు పార్టీల్లో, సినిమా డైలాగుల్లో ఇది పెద్దల అనుభవసారంలా చలామణీ అయిపోతోంది. దీనికి జతగా ఇంకోటుంది: రెండు పెగ్గులు పడితే తప్ప మగవాడు మనసు విప్పడట. మైత్రీవనం వెనక సందుల్లో, ఎస్సార్ నగర్ హాస్టళ్ళలో, ఉద్యోగం కోసం జిల్లాల నుంచి హైదరాబాదులోని అమీర్‌పేట చేరిన కుర్రాళ్ళకు జావా, పైథాన్, టెస్టింగ్‌తో పాటు ఈ పాఠమూ అందుతోంది. శనివారం సాయంత్రం సిట్టింగుకు రానివాడు, వచ్చినా కూల్‌డ్రింకుతో సరిపెట్టుకునేవాడు సంజాయిషీ చెప్పుకోవాలి. తాగేవాణ్ణి మాత్రం ఎందుకు తాగుతున్నావని ఎవరూ అడగరు. మందులు వాడుతున్నాననో, మాల వేసుకున్నాననో చెబితేనే వదిలేస్తారు. ఇష్టం లేదంటే చెల్లదు. అదే గదుల్లో అదే కుర్రాళ్ళు రాత్రిళ్ళు ఫోన్లలో జపాన్ యానిమే చూస్తారు, చూసి కళ్ళు తుడుచుకుంటారు. ఆ కథల్ని కాస్త నిదానంగా చూస్తే, సిట్టింగుల్లో మనం చెప్పుకునే మాటల్ని అవే కొట్టిపారేస్తున్నాయని నా వాదన. మందు పోసినంత మాత్రాన పాత్రకు లోతు రాదు. ఆ గ్లాసు పక్కన ఎవరు కూర్చున్నారు, ఏళ్ళు గడిచాక వాళ్ళలో ఎవరు మిగిలారు, తాగిన దానికి ఎవరు మూల్యం చెల్లించారు అన్నది చూపించినప్పుడే కథ మనసును పట్టుకుంటుంది.

మన సినిమా ఇక్కడే దారి తప్పింది. హీరోకు దుఃఖం వచ్చిందని చెప్పాలంటే చేతికి సీసా ఇస్తే చాలు, మిగతా పని పాట చూసుకుంటుంది. దీనికంతటికీ 1953 నాటి దేవదాసు మూలమని అంటారు. ఆ సినిమాను అడ్డం పెట్టుకుని, తాగుబోతు పాత్రకన్నా లోతైనది తెలుగులో ఏముందని నన్ను నిలదీయవచ్చు. వేదాంతం రాఘవయ్య తీసిన ఆ సినిమాను తక్కువ చేసే సాహసం నాకు లేదు. కానీ అందులో గుండె బరువెక్కేది ఎక్కడ? దేవదాసు గ్లాసు ఎత్తినప్పుడా? అతను పార్వతి అత్తవారి ఊరికి చేరి గుమ్మం బయట ప్రాణం విడుస్తుంటే, ఆమె పరుగెత్తుకొస్తుంటే, ఆ పెద్దింటి తలుపులు మూసుకుపోయినప్పుడు. చంద్రముఖి తన బతుకంతా మార్చుకుని అతని కోసం ఎదురుచూసినప్పుడు. శరత్‌చంద్ర రాసిన మూలకథలో తాగుడు దేవదాసుదే అయినా దాని బాధంతా ఇద్దరు ఆడవాళ్ళు మోశారు. దేవదాసుగా అక్కినేని కళ్ళలోని మత్తు మనకు గుర్తుండిపోయింది. పార్వతిగా సావిత్రి పరుగును ఆ తర్వాత వచ్చిన ప్రేమకథల్లో చాలామంది వదిలేశారు. డెబ్భై ఏళ్ళుగా సీసా మాత్రం చేతులు మారుతూ వస్తోంది.

ఫ్రీరెన్ అనే యానిమేలో హైటర్ అనే పూజారి ఉంటాడు. 2023 సెప్టెంబరు నుంచి 2024 మార్చి వరకు 28 భాగాలుగా వచ్చిన మొదటి సీజన్‌లో అతను కనిపించే సమయం చాలా తక్కువ. అయినా మందు గురించి అంత శ్రద్ధగా రాసిన పాత్ర ఈ మధ్యకాలంలో నాకు మరొకటి తెలియదు. రాక్షసరాజును చంపడానికి నలుగురు కలిసి పదేళ్ళు ప్రయాణిస్తారు. వీరుడు హిమ్మెల్, మరుగుజ్జు యోధుడు ఐజెన్, వెయ్యేళ్ళు దాటినా ఇంకా బతికే జాతికి చెందిన ఫ్రీరెన్, ఈ హైటర్. దేవుడి పేరు చెప్పుకునే మనిషి రాత్రంతా తాగుతాడు, తెల్లారితే తలపట్టుకుని ఎందుకూ పనికిరాకుండా పడి ఉంటాడు. మొదట నవ్వు తెప్పించే పాత్రే. యాభై ఏళ్ళ తర్వాత హిమ్మెల్ చనిపోతాడు. అతని గురించి తెలుసుకునే ప్రయత్నమే చేయలేదని ఫ్రీరెన్ ఏడుస్తుంది. మరో ఇరవై ఏళ్ళకు ఆమె హైటర్ ఇంటికి వెళ్ళేసరికి అతను పండు ముసలి, మందు మానేసి ఉంటాడు. యుద్ధంలో తల్లిదండ్రులను పోగొట్టుకుని కొండ అంచున చావడానికి నిలబడిన ఫెర్న్ అనే పాపను చేరదీసి పెంచుతుంటాడు. తాగుడు మానడం ఎంత కష్టమో చెప్పే ఉపన్యాసం లేదు, చేతులు వణికే సన్నివేశం లేదు, పాప వచ్చి సీసా పగలగొట్టడం లేదు. ఒక పిల్లను పెంచాల్సి వచ్చింది, మానేశాడు, అంతే. తను పోయాక ఆ పిల్ల ఒంటరిది కాకూడదని, ఏదో గ్రంథం అర్థం చేసి పెట్టమనే నెపంతో ఫ్రీరెన్‌ను ఆపి, ఫెర్న్‌కు మంత్రవిద్య నేర్పేట్టు చేస్తాడు. పాత రోజుల్లో అతనితో కలిసి నడిచిన మనిషి ఎదురుగా కూర్చుంది కాబట్టే అతను మారాడన్న సంగతి మనకు అందుతుంది. ఆమె లేకపోతే అతను మామూలు మంచి ముసలాయనలాగే కనిపించేవాడు. ఒక మనిషి మార్పును మరొకరి జ్ఞాపకంతో కొలవడం ఈ రచయితకు తెలిసిన విద్య. అది మన దర్శకులు నేర్చుకోవాలని నాకు ఎంతో ఆశగా ఉంటుంది.

వన్ పీస్ అనే యానిమే సంగతి ఇంకా విచిత్రం. అందులోని సముద్రపు దొంగలందరికీ తెలిసిన ఓ పాట పేరే మందు పేరు, బింక్స్ సాకే. బ్రూక్ అనే అస్థిపంజరం ఆ పాట వాయిస్తాడు. అతని ఓడలోని వాళ్ళంతా విషం ఎక్కి చస్తూ, తీరంలో తమ కోసం ఎదురుచూస్తున్న తిమింగలానికి వినిపించడానికి ఆ పాటను శంఖంలో భద్రపరుస్తారు. పాట సాగేకొద్దీ గొంతులు ఒక్కొక్కటే రాలిపోతాయి. నలుగురవుతారు, ముగ్గురవుతారు, ఇద్దరవుతారు, చివరికి బ్రూక్ ఒక్కడే మిగులుతాడు. ఆ తర్వాత యాభై ఏళ్ళు అతను ఆ ఓడలో ఒంటరి. పేరుకు తాగుబోతుల పాటే, కానీ మనల్ని కదిలించేది అందులో తగ్గిపోతున్న మనుషుల లెక్క. ఇక్కడ ఎదురు ప్రశ్న వస్తుంది. అదే కథలో లూఫీ, ఏస్, సాబో అనే ముగ్గురు పిల్లలు సాకే గిన్నెలు పంచుకునే కదా అన్నదమ్ములయ్యారు? నిజమే. అయితే ఆ గిన్నెలు ప్రమాణం చేయడానికి, మత్తు కోసం కాదు. ఆ ప్రమాణం బరువు మనకు తెలిసేది అప్పుడు కాదు, మెరీన్‌ఫోర్డ్ యుద్ధంలో తమ్ముడికి అడ్డం నిలబడి ఏస్ చనిపోయినప్పుడు. ఆ మాటకొస్తే, తెలంగాణలో బోనాల నాడు అమ్మవారికి కల్లు సాక పోయడం అంటే నాకు గౌరవమే. తాటివనంలో కూర్చుని కల్లు తాగే ఊరివాళ్ళ మీద నాకే ఫిర్యాదూ లేదు. సాక పోసేవాళ్ళు పక్కనున్నవాడు తాగుతాడా లేదా అని పరీక్ష పెట్టరు. నా పేచీ ఆ పరీక్షతోనే.

తాగినవాడు నిజమే చెప్తాడనే నమ్మకానికి సతోషి కోన్ 2003లో తీసిన యానిమే సినిమా టోక్యో గాడ్‌ఫాదర్స్ చాలినంత సమాధానం. అందులో జిన్ అనే తాగుబోతు భార్యాబిడ్డలు చనిపోయారని చెప్పుకుని తిరుగుతాడు. వాళ్ళు బతికే ఉన్నారు, అప్పులు చేసి వదిలేసి వచ్చింది అతనే. ఏళ్ళ తరబడి ఎంత తాగినా బయటికి రాని ఆ నిజం, చెత్తలో దొరికిన పసికందును తల్లిదండ్రుల దగ్గరికి చేర్చే బాధ్యత మీద పడ్డాక గానీ పైకి రాదు.

ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మన ధోరణి మరీ అన్యాయం. తెరమీద దేవదాసు తాగితే ఊళ్ళకు ఊళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నాయి. అదే సినిమాలో పార్వతిగా చేసిన సావిత్రి చివరి ఏళ్ళలో మద్యానికి బానిసై, ఏడాదికి పైగా కోమాలో ఉండి 1981 డిసెంబరు 26న చనిపోతే, ఆమె గురించి చాలాకాలం గుసగుసలే నడిచాయి. 2018లో మహానటి సినిమా వచ్చేదాకా ఆ కథను జాలితో, పూర్తిగా చెప్పినవాళ్ళు తక్కువ. అదే 1995లో మొదలైన యానిమే ఎవాంజెలియన్‌లో మిసాతో అనే సైన్యాధికారి పొద్దున్నే బీరు డబ్బా తెరుస్తుంది. చూసి నవ్వుకుంటాం. పోనుపోను ఆ సందడి వెనక, చిన్నప్పుడు తనను కాపాడి తను పోయిన తండ్రి ఉన్నాడని, ఆ చిందరవందర ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలనే ఆరాటం ఉందని తెలుస్తుంది. ఆమె తాగడాన్ని కథ దాచదు, దాని కోసం ఆమెను శిక్షించదు. తాగే ఆడమనిషికీ గతం ఉంటుందని ఒప్పుకోవడానికి మనకు సావిత్రి పోయాక కూడా ముప్ఫై ఆరేళ్ళు పట్టింది.

యానిమే అంతా ఇలాగే ఉంటుందని చెబితే అబద్ధమే. తాగి తూలడాన్ని వేళాకోళం చేసే సిరీస్‌లు కొల్లలు. కాలేజీ డైవింగ్ క్లబ్బులో తాగుడే ప్రధానంగా సాగే గ్రాండ్ బ్లూ కూడా ఈ కోవదే. నవ్విస్తుంది, అంతటితో సరి. జపాన్ సమాజాన్ని ఆదర్శంగా చూపించడమూ నా ఉద్దేశం కాదు. పై అధికారి పోస్తే కాదనలేని ఆఫీసు విందులు వాళ్ళకూ ఉన్నాయి. 2022లో అక్కడి పన్నుల శాఖ, యువత తాగడం తగ్గించిందని, మద్యం వైపు వాళ్ళను ఎలా మళ్ళించాలో చెప్పమని పోటీ పెట్టింది. ఇక్కడ మరుసటి ఏడాది, తెలంగాణలోని 2,620 వైన్స్ లైసెన్సుల కోసం దరఖాస్తుకు 2 లక్షల చొప్పున తిరిగిరాని రుసుము కట్టి మరీ లక్షకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఖజానా విషయంలో రెండు ప్రభుత్వాలదీ ఒకే బాధ. బొమ్మల కథల నుంచి పాఠాలేమిటనే వాళ్ళకు మాత్రం చిన్న మాట. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ సినిమా తెలుగులోనూ వచ్చింది. అందులో నరమాంసం తినే రాక్షసుడికి కూడా చచ్చేముందు ఒక గతం ఉంది, ఎవరో విషం పెట్టి చంపిన, అతనికి భార్య కావాల్సిన పిల్ల ఉంది. అది చూసి ఏడ్చిన ప్రేక్షకుడిని పిల్లాడని కొట్టిపారేయలేం.

అయితే జపాన్ వాళ్ళు చట్టంలో చేసిన ఒక పని వాళ్ళ కథలంత లోతైనది. 2006 ఆగస్టులో ఫుకువోకాలో తాగి నడిపిన కారు వెనక నుంచి గుద్దడంతో ఒక కుటుంబం ఉన్న కారు వంతెన మీది నుంచి సముద్రంలో పడి ముగ్గురు పసిపిల్లలు చనిపోయారు. దేశం అట్టుడికింది. 2007లో చట్టం మార్చి, తాగి నడిపినవాడితో పాటు, నడుపుతాడని తెలిసి మందు పోసినవాణ్ణి, కారు ఇచ్చినవాణ్ణి, తాగాడని తెలిసీ ఎక్కించుకోమని పక్కన కూర్చున్నవాణ్ణి కూడా శిక్షించడం మొదలుపెట్టారు. 2016 జూలై 1న మన పంజాగుట్టలో, తాగి ఉన్న విద్యార్థుల కారు డివైడర్ దాటి ఎదురు కారు మీద పడింది. బడి నుంచి ఇంటికి వస్తున్న చిన్నపాప, ఆమె బాబాయి, కొన్నాళ్ళకు తాత ప్రాణాలు కోల్పోయారు. తెలంగాణలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకు మద్యం అమ్మకూడదు. ఆ విద్యార్థులకు అమ్మినవాడు ఎవడు, వయసు అడగని బార్ ఏది అని కొన్నాళ్ళు చర్చ జరిగింది. ఆ కారులో కూర్చున్న స్నేహితుల్లో ఒక్కడు "నువ్వు నడపొద్దురా" అని తాళం లాక్కోవడాన్ని స్నేహంగా మన సిట్టింగుల్లో ఎందుకు లెక్కించరు? ఇంకో పెగ్గు పోయడమే ఎందుకు స్నేహమైంది? మద్యం తాగడం నలుగురితో కలిసి చేసే పని అని గర్వంగా చెప్పుకునేవాళ్ళు, దాని ఫలితం వచ్చేసరికి నడిపిన ఒక్కడి మీదికే తోసేస్తారు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధించేది అదే.

పక్కన ఉన్నవాళ్ళ వైపు నుంచి చెప్పిన కథకు ఎంత శక్తి ఉందో తెలుగువాళ్ళకు జపాన్ చెప్పక్కర్లేదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతులు నడిచినప్పుడు, చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళ చేతికి సీతమ్మ కథ అనే పాఠం వచ్చింది. సారా గురించిన పాఠం అది. ఆ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్ళు 1990ల మొదట్లో తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. వాళ్ళలో రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. జిల్లాలో సారా వేలం పాటలు జరగనివ్వకుండా ఆడవాళ్ళు అడ్డం కూర్చుంటే వాటిని మళ్ళీ మళ్ళీ వాయిదా వేయాల్సి వచ్చింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో సడలిపోయింది, అది వేరే గొడవ. ఇంత కథ చేతిలో ఉంచుకుని మనం ఇంకా హీరో చేతిలో సీసా పెట్టే దగ్గరే ఆగిపోయాం. అమీర్‌పేట, పంజాగుట్ట చుట్టుపక్కల యానిమేషన్ నేర్పే సంస్థలకు కొదవలేదు, నేర్చుకుంటున్న పిల్లలకూ కొదవలేదు. వాళ్ళలో ఎవరైనా దూబగుంటను పన్నెండు భాగాలుగా గీయాలి. మొదటి భాగంలో తాగుబోతు భర్త అక్కర్లేదు. పగలంతా పొలంలో పనిచేసి వచ్చి పలక పట్టుకున్న ఆడవాళ్ళు చాలు. వేలంపాట ఆగిన రోజుకు మాత్రం ఒక భాగం మొత్తం కేటాయించాలి. పాట పాడడానికి వచ్చిన కాంట్రాక్టర్లు, పాడించలేని అధికారులు, గుమ్మానికి అడ్డంగా కూర్చుని కదలని ఆడవాళ్ళు, అందరూ పేరుపేరునా కనిపించాలి.