యంత్రం మొరాయిస్తే పాటేం కావాలి?

పాట వింటాం. పల్లవి నచ్చితే ఈల వేస్తాం. హీరో స్టెప్పు వేసిన చోట డ్రమ్ము ‘ధబ్’మని మోగితే సీట్లోంచి లేచిపోతాం. పాడినవారి పేరు మనకి తెలుసు, రాసినవారి పేరు తెలుసు, బాణీ కట్టినవారి పేరు సరేసరి! కానీ ఆ ‘ధబ్’ ఎవరు కొట్టారో ఎప్పుడైనా అడిగామా? చాలా పాటల్లో ఆ దెబ్బ కొట్టింది మనిషి కాదు, ఒక పెట్టె. ఆ పెట్టెకి జ్వరాలూ, అలకలూ, మతిమరుపూ కూడా ఉంటాయంటే నమ్ముతారా? నమ్మాలి మరి. నేను కళ్ళారా చూశాను.

ముందు ఆ పెట్టెల సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి శాంప్లర్. వీణ మీటినా, తలుపు కొట్టినా, ఏ శబ్దాన్నయినా పట్టి తన జ్ఞాపకంలో దాచుకుని, మీట నొక్కితే తిరిగి పలికిస్తుంది. రెండోది సీక్వెన్సర్. దీనికి సొంత గొంతు అక్కర్లేదు. ఏ స్వరం ఎప్పుడు, ఎంతసేపు, ఎంత గట్టిగా మోగాలో గుర్తుపెట్టుకుని మిగతా వాయిద్యాలకి హుకుం జారీ చేస్తుంది. ఒకటి గాయకుడైతే రెండోది మేస్త్రీ అన్నమాట!

1979లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ అనే ఇద్దరు మిత్రులు ‘ఫెయిర్‌లైట్’ అనే యంత్రాన్ని బయటపెట్టారు. ఒక్కో గొంతుకీ అందులో ఉన్న జ్ఞాపకం 16 కిలోబైట్లు. ఈనాడు మన సెల్‌ఫోనులో తీసుకునే ఒక్క ఫోటో అంతకి వంద రెట్లుంటుంది! 1981లో అమెరికాలో ‘ఎమ్యులేటర్’ వచ్చింది. మొదటి పెట్టె స్టీవీ వండర్ చేతికే వెళ్ళింది. 1983లో ‘మిడీ’ వచ్చాక ఒక కంపెనీ కీబోర్డు ఇంకో కంపెనీ కీబోర్డుతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఇక మన పక్కకొస్తే, 1986లో ఇళయరాజా సంగీతంలో తమిళ చిత్రం ‘పున్నగై మన్నన్’ విడుదలైనప్పుడు ‘కంప్యూటర్ సంగీతమట!’ అని అంతా వింతగా చెప్పుకున్నారు. మనకది ‘డాన్స్ మాస్టర్’ పేరుతో వచ్చింది. 1992లో ‘రోజా’ వచ్చాక మరి వింత పడాల్సిన అవసరం లేకుండా పోయింది.

అన్నట్టు, ఈ పెట్టెల చరిత్రలో మన సినిమావాళ్ళకి బాగా అర్థమయ్యే కథ ఒకటుంది. రోజర్ లిన్ అనే అమెరికన్ 1984లో ‘లిన్ 9000’ అనే యంత్రం తెచ్చాడు. డ్రమ్ములూ అందులోనే, సీక్వెన్సరూ అందులోనే. ఊహ గొప్పదే గానీ సాఫ్ట్‌వేర్ పూర్తిగా పండకముందే బజారులోకి వచ్చేసింది. వాయిస్తూ వాయిస్తూ బిగుసుకుపోతుందన్న చెడ్డపేరు అంటుకుంది. 1986లో కంపెనీయే మూతపడింది. సూపర్ ఫ్లాప్! కానీ అదే లిన్ 1988లో జపాన్‌కి చెందిన అకాయ్ కంపెనీకి ‘ఎంపీసీ 60’ని రూపొందించి ఇచ్చాడు. అది శతదినోత్సవాలు కాదు, దశాబ్దాలు ఆడింది! తెలివికి లోటు లేకపోయినా, నమ్మకం లేని యంత్రాన్ని వాద్యకారుడు స్టేజీ ఎక్కించడు. ఈ కథ చెప్పేది అదే.

ఇక నా సంగతి. నేను డిగ్రీ చదివే రోజుల్లో మా గోదావరి జిల్లాలో ఒక ఆర్కెస్ట్రా వెంట తిరిగేవాణ్ణి. నాకు పాడ్డం రాదు, వాయించడం అంతకన్నా రాదు. వైర్లు చుట్టడం, పెట్టెలు మొయ్యడం, ఫ్లాపీలు అందించడం నా ఉద్యోగం. కీబోర్డు వాయించే మాస్టారు మద్రాసు వెళ్ళి 1995లో ఒక సెకండ్‌హ్యాండ్ శాంప్లర్ కొనుక్కొచ్చారు. కంపెనీ పేరు మనకెందుకు లెండి. ఆ పెట్టె రాకముందు మా బృందంలో పన్నెండుమంది. వచ్చాక ఆరుగురు. బాంగోస్ ఆయన చెప్పుల షాపులో కుదిరాడు. క్లారినెట్ ఆయన బ్యాండు మేళంలోకి వెళ్ళిపోయాడు. డోలక్ వాయించే బాబాయి ఒక్కణ్ణీ మాత్రం మాస్టారు వదల్లేదు.

“పెట్టెలోనే డోలక్ ఉందిగా మాస్టారూ, మళ్ళీ ఈయనకెందుకు డబ్బులు?” అని కమిటీవాళ్ళు బేరమాడేవారు.

“ఉండనివ్వండి బాబూ. పెట్టెకి పక్షవాతం వస్తే ఆయనే దిక్కు” అనేవారు మాస్టారు.

2007 వినాయక చవితి పందిట్లో ఆ పక్షవాతం రానే వచ్చింది! పాట చరణంలో ఉంది. కరెంటు పోయి జనరేటర్ అందుకుంది. మధ్యలో ఖాళీ ఒక్క క్షణమే. లైట్లు కాస్త మిణుకుమన్నాయంతే, జనానికి తెలియను కూడా తెలియలేదు. కానీ ఆ కాలపు శాంప్లర్ జ్ఞాపకం కరెంటు ఉన్నంతసేపే. క్షణం ఆగిందా, పలక తుడిచేసినట్టే! మళ్ళీ ఫ్లాపీ పెట్టి మొదట్నుంచీ ఎక్కించుకోవాలి. ఒక్కో ఫ్లాపీకి నిమిషం పైనే పడుతుంది. మాకు కావలసినవి రెండు. పాడే అమ్మాయి నోరు తెరిచి నిలబడిపోయింది. మూల నుంచి ఎవడో ఈల వేశాడు, చెప్పు విసిరేరకం ఈల!

డోలక్ బాబాయి తల కూడా ఎత్తలేదు. పాట ఆగిన మాత్ర దగ్గరే అందుకున్నాడు. ముందు తాళం, తరవాత తీన్మార్, ఆ పైన కోలాటం దరువు. రెండు మూడు నిమిషాలు ఒక్క మనిషే పందిరిని ఊపేశాడు. పెట్టెకి ప్రాణం వచ్చాక మాస్టారు కళ్ళతో సైగ చేస్తే సరిగ్గా పల్లవి దగ్గర అప్పజెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. అదంతా ప్రోగ్రాములో భాగమే అనుకున్నారు పాపం!

ఇంకో జబ్బు కూడా చెప్పాలి. సీక్వెన్సర్ ‘మోగు’ అని ఒక ఆజ్ఞ పంపుతుంది, తరవాత ‘ఆగు’ అని మరోటి. ఊగిపోయే వైరులో ఆ ‘ఆగు’ దారి తప్పితే? స్వరం ఆగదు! ఒకసారి పెళ్ళి రిసెప్షన్‌లో వయొలిన్ స్వరం ఒకటి అలా పట్టుకుని వదల్లేదు. వధూవరులు దండలు మార్చుకుంటుంటే వెనక ‘కీ...’ అంటూ ఒకటే రాగం. చివరికి మాస్టారు ప్లగ్గు పీకేశారు.

ఇవి స్టేజీ మీద జబ్బులు. అసలైనది ఇంట్లో బీరువాలో పుట్టే జబ్బు. మన కోస్తా గాలిలో చెమ్మ ఎక్కువ. ఫ్లాపీ లోపలి పల్చటి బిళ్ళ మీద బూజు పడుతుంది. అలాంటి బిళ్ళని డ్రైవులో పెడితే చదివే తలకి కూడా అది అంటుకుంటుంది. కొన్ని డ్రైవుల్లో రబ్బరు బెల్టు సాగి జిగురైపోతుంది. సెట్టింగులు కాపాడే బ్యాటరీ ఏళ్ళు గడిచి చచ్చిపోతుంది. పవర్ సప్లై కెపాసిటర్లు ఎండిపోతాయి. సోనీ కంపెనీ 2011లో జపాన్‌లో ఫ్లాపీల అమ్మకమే ఆపేసింది. మరి కొత్తవి ఎక్కణ్ణుంచి తెస్తాం?

2023లో మాస్టారు ఫోన్ చేశారు. “ఒరే అబ్బాయ్, మావయ్య ఫ్లాపీ చదవట్లేదురా” అన్నారు. గొంతు మామూలుగా లేదు.

ఆ ఫ్లాపీ సంగతి నాకు తెలుసు. మాస్టారి మేనమామ ఆ చుట్టుపక్కల పేరున్న సన్నాయి విద్వాంసుడు. 1996లో ఆయన్ని కూర్చోబెట్టి శంకరాభరణం స్వరాలు, పై షడ్జంతో కలిపి ఎనిమిది, ఒక్కోటీ రెండేసి సెకన్లు ఊదించి మాస్టారు పెట్టెలోకి పట్టారు. మంచి నాణ్యతతో పడితే ఒక ఫ్లాపీలో పట్టేది ఇంచుమించు పదహారు సెకన్లే. సరిగ్గా సరిపోయింది. తరవాత రెండేళ్ళకి ఆయన పోయారు. పెళ్ళిళ్ళలో వేలసార్లు మోగిన ఆ సన్నాయి ఇంకే క్యాసెట్టులోనూ లేదు. ఆయన ఊపిరి అన్నది మిగిలితే ఆ పదహారు సెకన్లే!

నాకు తెలిసిన ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. పాత కంప్యూటర్ల పిచ్చివాడు. ఆ శాంప్లర్ ఫ్లాపీ భాష మామూలు కంప్యూటర్‌కి అర్థం కాదు, దానికి వేరే ప్రోగ్రాం కావాలి. వాడు బిళ్ళల్ని ఒక్కొక్కటే స్పిరిట్‌తో మెల్లగా తుడిచాడు. రాత్రి పదకొండు దాకా మేం ముగ్గురం ఆ డ్రైవు చేసే ‘కర్ర్... కర్ర్’ వింటూ కూర్చున్నాం. సన్నాయి ఫ్లాపీలో ఆరు స్వరాలు బయటికొచ్చాయి. గాంధారం, నిషాదం ఉన్న చోట బిళ్ళ దెబ్బతింది. ఎన్నిసార్లు తిప్పినా రాలేదు.

“ఫర్వాలేదు సార్, పక్క స్వరాన్ని సాగదీసి ఆ రెండూ తయారుచేసేద్దాం” అన్నాడు కుర్రాడు. నిజమే, శాంప్లర్ చేసే పనే అది.

మాస్టారు తల అడ్డంగా ఊపారు. “వద్దు బాబూ. మావయ్య ఊదని స్వరాన్ని మావయ్యదని ఎలా చెప్పను?”

కాసేపు ఊరుకుని, ఉన్న స్వరాలు మాత్రమే మీటుతూ వాయించడం మొదలెట్టారు. స, రి, మ, ప, ద... గాంధారమూ నిషాదమూ అక్కర్లేని రాగం! శుద్ధసావేరి! ఆ గదిలో పెద్దాయన ఊపిరి అచ్చంగా పలికింది. మాస్టారి భార్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు.

ఆ ఆరు స్వరాలూ ఇప్పుడు మూడు చోట్ల భద్రంగా ఉన్నాయి. పెట్టెలో ఫ్లాపీ డ్రైవు తీసేసి, పెన్‌డ్రైవుని ఫ్లాపీ అని భ్రమింపజేసే చిన్న పరికరం బిగించారు. ఎక్కించే ఆలస్యం మునుపటిలాగే ఉంది గానీ బూజు భయం లేదు. డోలక్ బాబాయికి అరవై దాటాయి. ప్రోగ్రాముకి ఆయన వాటా ఆయనకి అందుతూనే ఉంది.

ఫోనులోనే పాట కట్టే కుర్రకారూ, మీకో మాట. మీ పెట్టెలు ఆ పాతవాటికన్నా తెలివైనవే, కానీ మతిమరుపు వాటికీ ఉంది. ఈ రాత్రే మీ పాటల్ని ఇంకోచోట కాపీ చేసి పెట్టుకోండి. మీ ఊళ్ళో పాత ఆర్కెస్ట్రా మాస్టారెవరైనా ఉంటే ఒకసారి వెళ్ళి, ఆయన బీరువాలో ఫ్లాపీలున్నాయేమో అడగండి. ఏ ఫ్లాపీలో ఎవరి ఊపిరి ఉందో! వర్షాకాలం రాకముందే వెళ్తే మంచిది.