బెండు కిరీటం

వానాకాలపు సాయంత్రాలలో కోల్‌కతా కాలిబాటల మీద నిప్పుల కుంపట్లు వెలుస్తాయి. మొక్కజొన్న పొత్తులను కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పూ కారమూ రాసి ఇస్తారు. ఒలిచిన ఆకుపచ్చని డొప్పలు పక్కన గుట్టపడతాయి. అమెరికా ఖండపు ఆదివాసులు ఆ డొప్పలతో చాపలు అల్లారు. ఇరోక్వా జాతులవారు కన్నూముక్కూ లేని బొమ్మలను చుట్టారు. కోల్‌కతాలో అవి చెత్తబండి పాలు. ఇక్కడివారికి చేతిపని రాక కాదు. మొక్కజొన్న పరాయి నేల నుంచి ఆలస్యంగా వచ్చిన పంట. బెంగాలీల పెళ్ళిలోగాని పూజలోగాని దానికి చెప్పుకోదగిన చోటు దక్కలేదు.

ఆ చోటు షోలాకు దక్కింది. తెలుగువారి జీలుగు బెండు ఇదే. నీరు నిలిచిన పల్లపు నేలలలో పెరిగే ఈ కాడకు పైతొక్క గోధుమవన్నె, లోపలంతా పాలవంటి తెలుపు. మాలాకారులు ఎండిన కాడ తొక్క చెక్కి, పొడవాటి కత్తికి ఆనించి దొర్లిస్తూ, చుట్టిన కాగితాన్ని విప్పినట్లు పలుచని పొర తీస్తారు. చేయి ఒక్క క్షణం తడబడితే పొర చినుగుతుంది. ఆ పొరలే మల్లెలవుతాయి, వరుడి తలమీది టోపర్ అవుతాయి, దుర్గాదేవి కిరీటమవుతాయి. శివుడు తన పెళ్ళికి తెల్లని కిరీటం కోరగా, గట్టి వస్తువులకు అలవాటుపడిన విశ్వకర్మకు ఈ మెత్తని బెండు లొంగలేదట. మాలాకారుడే చేసి ఇచ్చాడట.

దొరలూ దీనిని వదలలేదు. వారి సోలా టోపీ ఈ బెండుదే. ఎండకు పెట్టుకునేది గనుక దానిని 'సోలార్' టోపీగా సవరించుకున్నారు. సూర్యుడికీ ఆ మాటకూ చుట్టరికం లేదు గాని, ఇటువంటి సవరణలకు ఆయుర్దాయం ఎక్కువ.

పూర్వ బర్ధమాన్ జిల్లాలోని బన్‌కాపాసి గ్రామంలో నేటికీ ఇంటింటా ఇదే పని. అయితే పల్లాలు పూడి, కాడ దొరకడం కష్టమవుతున్నది. ఈలోగా థర్మోకోల్ వచ్చింది: అంతే తెలుపు, అంతే తేలిక. మంటపం దూరం నుంచి చూస్తే కన్ను మోసపోతుంది. 2021 డిసెంబరులో యునెస్కో కోల్‌కతా దుర్గాపూజను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2022 జూలై 1 నుంచి అలంకరణకు వాడే థర్మోకోల్‌ను దేశమంతటా నిషేధించారు. బజారులో మాత్రం కొనేవారి వేళ్ళకే పని. విరిస్తే చిన్న చిన్న గుండ్లుగా రాలేది థర్మోకోల్. షోలా అలా రాలదు.